టమాటా కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ

ప్రశ్న: మాది ఉప్పల్. మేడ మీద ఆక్వాపోనిక్స్ (చేపల నీళ్లతోనే మొక్కల పెంపకం) పెట్టాను: 500 లీటర్ల ట్యాంకు, 20 తిలాపియా చేపలు, పైన కంకర బెడ్‌లో టమాటా. నెల రోజులుగా కొత్త ఆకులు పసుపెక్కుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. పోసేది బోరు నీళ్లే, పీహెచ్ 8.2. నిమ్మకాయలు పిండితే సాయంత్రానికి దిగుతుంది, రెండ్రోజుల్లో మళ్లీ మామూలే. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఐరన్ లోపంలా ఉందండీ, పీహెచ్ అంత ఎక్కువుంటే మొక్క ఐరన్ సరిగా తీసుకోలేదు. మెగ్నీషియం అయితే పాత ఆకుల్లో మొదలయ్యేది. గుప్పెడు కంకర ఆరబెట్టి, గిన్నెలో వేసి వెనిగర్ పోయండి. బుడగలొస్తే అందులో సున్నం ఉన్నట్టే, అదే పీహెచ్‌ని మళ్లీ పెంచేస్తోంది. ఇక ఎన్ని నిమ్మకాయలు పిండినా దండగే.

జవాబు: మొక్కలకు వేసే ఐరన్ మందుల్లో ఈడీటీఏ రకం ఆ పీహెచ్‌లో నిలవదు, ఈడీడీహెచ్ఏ రకం అడగండి. నీళ్లు ఎర్రబడతాయి, కంగారు పడకండి.

ప్రశ్న అడిగినవారు: కంకర మీద వెనిగర్ పోశానండీ, సోడాలా పొంగింది! తెల్లగా ముచ్చటగా ఉన్నాయని ఏరి మరీ కొన్న రాళ్లు.

జవాబు: మార్చేయండి. బోరు నీళ్లలో వాన నీళ్లు కలుపుతూ పోయండి, రోజూ కొంచెం కొంచెంగానే. పీహెచ్ ఒక్కసారిగా దింపితే చేపలు తట్టుకోవు.