పాపని చూడనివ్వడం లేదు, ఏం చేయాలి?

మా పాపకి నాలుగేళ్లు. గొడవలై నా భార్య ఉగాదికి ముందు పాపని తీసుకుని గుంటూరులో పుట్టింటికి వెళ్లిపోయింది, నేనుండేది హైదరాబాద్‌లో. మొదట్లో వీడియో కాల్ అయినా చేయనిచ్చేది, ఇప్పుడు నంబర్ బ్లాక్ చేసింది. పోయిన ఆదివారం పూతరేకులు పట్టుకుని వెళ్తే మామగారు గేటు దగ్గరే ఆపేశారు, లోపల్నుంచి పాప "నాన్నా" అనడం వినిపించింది కూడా.

1956 హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉంటారని తెలుసు, పాపని లాక్కోవాలని నాకూ లేదు, వారానికోసారి చూస్తే చాలు. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ పాప ఉండే ఊళ్లోనే వేయాలంటున్నారు, మరి మా ఇంట్లో పెరిగిన పాపకి గుంటూరే ఊరు అయిపోతుందా? కేసు తేలేలోగా చూడటానికి మధ్యంతర ఉత్తర్వు ఎన్నాళ్లకి వస్తుంది? లాయరేమో ముందు విడాకులు వేసేయమంటున్నాడు, అది మాత్రం నాకిష్టం లేదు. ఇలా కోర్టు ద్వారా పిల్లల్ని కలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.