నెల్లూరు నడకకు వెళ్ళాలా? గులాబీ టీషర్టు సంగతి

కావలి దర్జీ:
22 ఏళ్ళుగా కావలిలో జాకెట్లు కుడుతున్నాను. నా దగ్గర కుట్టించుకునే ఆవిడ ఒకరు, యాభై దాటి ఉంటాయి, ఎప్పుడూ టేపు పెట్టించుకుని కొలతలు ఇచ్చేది. నిరుడు ఉన్నట్టుండి రావడం మానేసి కూతురి చేత ఆది జాకెట్టు పంపసాగింది. నా కుట్టు నచ్చలేదేమోనని నొచ్చుకున్నాను కూడా. సంక్రాంతి ముందు ఒక మధ్యాహ్నం, కొట్లో ఎవరూ లేని వేళ వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "ఎడమ వైపు లోపల సంచిలా కుట్టి దూది పెట్టగలవా?" అని అడిగింది. ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారట. ఏడాదిపాటు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

దూది తేలిక కదా, చెయ్యెత్తితే జాకెట్టు ఆ వైపు పైకి పోయేది. మూడుసార్లు విప్పి కుట్టి, చివరికి సంచి అడుగున గుప్పెడు ఆవాలు పోస్తే నిలిచింది.

ఇప్పుడు ఆవిడే నన్ను నెల్లూరు రమ్మంటోంది. వీఆర్సీ మైదానం దగ్గర మొదలయ్యే రొమ్ము క్యాన్సర్ అవగాహన నడక. 5 కిలోమీటర్లు, మనిషికి 300 రూపాయలు, గులాబీ రంగు టీషర్టు ఇస్తారట. ఈ వయసులో నాకు టీషర్టేమిటి? పండగల మధ్య ఆదివారం కొట్టు మూస్తే పది జాకెట్లు వెనకబడతాయి. "నడిస్తే జబ్బు పోతుందా?" అని మా ఆయన. వీటన్నిటికీ ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. నా భయం వేరు. ఇన్నాళ్ళు దాచుకున్న మనిషి, మా ఊరివాళ్ళెవరైనా అక్కడ చూసి చెవులు కొరుక్కుంటే? వెళ్ళినవాళ్ళు చెప్పండి.

పొదలకూరు ఏఎన్ఎమ్:
అక్కా, మీ ఆయన మాట నిజమే, నడిస్తే జబ్బు పోదు. కానీ ఇళ్ళకు వెళ్ళినప్పుడు నేను రోజూ వినే మాట "నొప్పి లేదు కదమ్మా" అని. మొదట్లో ఈ గడ్డ చాలామందికి నొప్పి పెట్టదు, ఆలస్యమంతా అక్కడే. గట్టిగా గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన కొత్తగా లోపలికి లాక్కుపోయినా, దాన్నుంచి రక్తం వచ్చినా, చంకలో గడ్డ కనిపించినా చూపించుకోవాలి. గడ్డలు ఎక్కువగా క్యాన్సర్ కానివే. అయితే ఆ తేడా చేత్తో తడిమి మనం చెప్పలేం. 30 దాటిన ఆడవాళ్ళకు రొమ్ము పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు. అయినా వచ్చేవాళ్ళు తక్కువ.

నడక ముగిసే చోట తెర కట్టి ఒక నర్సును కూర్చోబెడతారేమో నిర్వాహకులను అడగండి. బెలూన్లు ఎగరేసి ఇడ్లీ పెట్టి పంపేసే నడకల మీద నాకు పెద్ద గౌరవం లేదు. అక్టోబరును ఈ జబ్బు అవగాహనకు కేటాయించడం 1985లో అమెరికాలో మొదలైంది. మనకు మాత్రం అది వాయుగుండాల నెల, గొడుగు మరవకండి.

కందుకూరు రైతు:
మా అమ్మ ఈ జబ్బుతోనే పోయింది, కాబట్టి నడకను తప్పుపట్టను. ఆ 300 ఎక్కడికి పోతుందో మాత్రం అడగండి. టీషర్టుకూ వేదికకూ ఎంత, రోగులకు ఎంత? రసీదు ఇస్తారా? నేను ఒకసారి ఇలాగే కట్టాను. లెక్క అడిగితే ఫొటోలు పంపారు.

ఒంగోలు టీచరు:
నాకూ ఎడమ వైపే, ఆపరేషన్ అయి ఆరేళ్ళు. చంకలో గ్రంథులు కూడా తీసి ఉంటే ఆ చెయ్యి వాయవచ్చు. బ్యానరు ఆవిడ ఎడమ చేతికి ఇవ్వకండి, సంచి కూడా మీరే మోయండి. మధ్యమధ్య చెయ్యి పైకెత్తి పిడికిలి మూసి తెరవమనండి. టీషర్టు చెయ్యి బిగుతుగా ఉంటే పనికిరాదు, అది మీకే బాగా తెలుస్తుంది.

ఊరివాళ్ళు చూస్తారేమో అన్నారు. ఆ సంగతి ఆవిడనే అడిగారా? నేను విగ్గు తీసేసి మొదటిసారి బడికి వెళ్ళిన రోజు నాకంటే మా అక్క ఎక్కువ వణికింది.

కావలి దర్జీ:
అడిగాను. "చూడనీ, అందుకే కదా వెళ్ళేది. మా ముగ్గురు కోడళ్ళలో ఒక్కరూ పరీక్ష చేయించుకోలేదు, వాళ్ళనూ తీసుకెళ్తున్నా" అంది. నేను ఇంకేం మాట్లాడను.

నిర్వాహకులు రసీదు ఇస్తామన్నారు, నర్సు సంగతి కనుక్కుని చెబుతామన్నారు. టీషర్టులు ముందే తెప్పించుకున్నాం. ఆవిడ దానికి ఎడమ చంక విప్పి నాలుగు వేళ్ళ మేర గుడ్డ అతికాను, గులాబీ రంగు సరిగ్గా కలవలేదు. నాది చీర మీదే వేసుకుంటాను.

కావలి వాళ్ళకు: ఆదివారం కొట్టు మూత. జాకెట్లు శనివారం రాత్రిలోగా తీసుకెళ్ళండి.