వేడెక్కితే ఆగిపోతున్న నాన్నగారి స్కూటర్: కాయిలా, కండెన్సరా?
అందరికీ నమస్కారం, మాది వైజాగ్. నాన్నగారి పాత టూ స్ట్రోక్ స్కూటర్ పొద్దున్న ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది గానీ, సింహాచలం కొండ ఎక్కుతుంటే సగం దారిలో దగ్గి దగ్గి ఆగిపోతోంది, అరగంట చల్లారితే మళ్లీ మామూలే. ఆగిన వెంటనే స్పార్క్ ప్లగ్ తీసి ఇంజిన్‌కి ఆనించి కిక్ కొడితే సన్నగా పసుపు స్పార్క్, అదే పొద్దున్నయితే నీలంగా టప్‌మని వస్తుంది. ప్లగ్ కొత్తదే. ప్లాటినం పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటుని కలిపి తెంచే కాంటాక్టులు) రుద్ది గ్యాప్ 0.4 మి.మీ. పెట్టినా వారంలోనే నల్లబడ్డాయి, అందుకే నా అనుమానం ఆ పాయింట్లు కాలిపోకుండా కాపాడే కండెన్సర్ మీద. మెకానిక్ మాత్రం ప్లగ్‌కి హై వోల్టేజ్ పంపే కాయిల్ మార్చమంటున్నాడు. సముద్రపు గాలికి వైర్ల చివర్లు పచ్చగా చిలుము పట్టాయి, అదీ కారణమేనా? నన్ను బడికి దింపిన బండి, అమ్మే ప్రసక్తే లేదు. ముందు ఏది మార్చమంటారు? పాత పార్టులు ఇక్కడెక్కడైనా దొరుకుతాయా?