ఈ వారం సమస్య: “నీరు పోయకున్న నిండె పూలు”

ఫాల్గుణం చివరికొచ్చింది. హన్మకొండలో మా మిద్దె మీద పొద్దున్నే చెట్లకు నీళ్లు పోస్తుంటే ఈ పాదం నోటికొచ్చింది. ఆటవెలది పద్యానికి నాలుగో పాదం. పై మూడు పాదాలు మీరు రాసి, ఇందులో కనిపించే విరోధం తీర్చాలి, అదే సమస్యాపూరణం. ఐదూ హగణాలే (గురువు, లఘువు), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే జత) నీ–ని. నీళ్లు పోయకుండా పూలెట్లా నిండాయో మీ పెరడినే అడిగి రాయండి.

పరకాల మిత్రుడు:

పెరటి మూల వేప పెంచిన దెవ్వరో
చేద వేసి తడుపు చేయి లేదు
తానె పెరిగె, కొమ్మ దాచె నుగాదికి
నీరు పోయకున్న నిండె పూలు

నిర్వాహకుడు: ఏం దాచిందో చెప్పకుండా సమస్యాపాదానికి వదిలేశారు. అది నాకు బాగా నచ్చింది.

మడికొండ అక్క:

మాఘమందు మల్లె మండలు గోసితి
దూసి యాకులెల్ల తొట్టి నెండ
బెట్టి పక్షమాగ పిలకలు చిగురెత్తె
నీరు పోయకున్న నిండె పూలు

కాజీపేట తమ్ముడు: అక్కా, పద్యం నడక మంచిగుంది గానీ మల్లె పని సగమే చెప్పినవు. ఎండబెట్టుడుతోనే పూలు రావు కదా.

మడికొండ అక్క: నిజమే తమ్మీ. పదిహేను రోజులు నీళ్లు ఆపినంక పెంట ఎరువు వేసి నిండ తడిపిన. ఆ తడి పద్యంలో పట్టలె.

నిర్వాహకుడు: పట్టకపోవడమే మేలైందమ్మా, పడితే సమస్య విరిగేది. ‘ఎండ/బెట్టి’ అని మాటను పాదం దాటించిన తీరు చూడండి. దూ–తొ యతి కూడా చక్కగా కుదిరింది.

కాజీపేట తమ్ముడు:

బియ్యమమ్మ కడుగ బిందెలో పట్టితి
సొరకు బీరపాదు చుట్టు పోస్తి
నాల్గు వారములకె నమ్ముడు మన నల్ల
నీరు పోయకున్న నిండె పూలు

పరకాల మిత్రుడు: ‘నల్లనీరు’ అంటే నల్లటి నీళ్లు అనుకోరా ఎవరైనా? ‘పోస్తి’ కూడా గ్రాంథికం కాదు.

నిర్వాహకుడు: వరంగల్‌లో ఏ ఇంట అడిగినా నల్ల అంటే కుళాయే. ముందు ‘మన’ అని ఉంది కాబట్టి తడబాటు లేదు. ‘పోస్తి’ ఉండాల్సిందే. పాల్కురికి సోమన ఊరు పాలకుర్తి మనకు పొరుగే, ఆ కవి మెచ్చిన జాను తెనుగు, అంటే తేట తెలుగు, నడిచిన నేల ఇది. సమస్యలోని నీటిని నల్లకు ముడిపెట్టి విరోధం తీర్చడం పాత పద్ధతే అయినా, బియ్యం కడిగిన నీళ్లతో కొత్తగా ఉంది. ఒక్క మాట తమ్మీ. సొరపువ్వు సాయంత్రం విచ్చుతుంది. మిద్దె మీదికి పురుగులు సరిగా రాకపోతే మొగపువ్వు తెంపి, వెనక చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు మెల్లగా తాకించు. లేకుంటే పూలు నిండుతాయి గానీ పిందె పసుపెక్కి రాలుతుంది.

నర్సంపేట చెల్లె: మొదటిసారి రాస్తున్న సార్. తప్పులుంటే చెప్పుండ్రి.

గోలెమందు నేను కొత్తిమీర చల్ల
పెండ్లి కనుచు పోతి పెక్కు నాళ్లు
తిరిగి వచ్చి చూడ తెల్లగా తలలెత్తి
నీరు పోయకున్న నిండె పూలు

నిర్వాహకుడు: అమ్మా, ఈ వారం అన్నిట్లో నాకు ఇదే మిన్న. మిగతావాళ్లు నీళ్లు లేకున్నా పూశాయన్నారు. నీ పద్యంలో నీళ్లు లేనందుకే పూశాయి. ఎండ ముదిరి, తడి ఆరితే కొత్తిమీర ఆకు మానేసి పూతకు పోతుంది. సమస్యలో విరోధమే లేకుండా పోయింది! దోషం ఒక్కటే, మొదటి పాదం చివర. ‘కొత్తిమీ’ రగణం సరే, మిగిలిన ‘ర చల్ల’ జగణమైంది (లఘువు, గురువు, లఘువు). అక్కడ ఇంద్రగణం పడాలి. ‘కొత్తిమీరను జల్ల’ అను. ‘రను జల్ల’ ఇంద్రగణాల్లో ఒకటైన సలం అవుతుంది, అర్థం చెక్కుచెదరదు. మూడో పాదం జోలికి పోకు, ‘తెల్లగా తలలెత్తి’ అనగానే ఆ గొడుగుల్లాంటి పూగుత్తులు కళ్లముందు నిలిచాయి.

మడికొండ అక్క: చెల్లె, ఆకు పోయిందని మొక్కలు పీకేయకు. ధనియాలు కట్టనియ్యి. చలి మొదలైనంక గింజను చేత్తో రెండు బద్దలుగ నలిపి చల్లు, మంచిగ మొలుస్తది.

నర్సంపేట చెల్లె: ‘ను’ చేర్చుకున్న సార్. పీకలేదక్కా. ఇప్పుడే గోలెం దగ్గరికి పోయొచ్చిన, పూల మీద రెండు తేనెటీగలున్నయి.