ప్రైమరీ పిల్లల్ని ట్రిప్‌కి ఎక్కడికి తీసుకెళ్ళారు? చేత్తో చేయించినవి ఏం పనిచేశాయి?

సుద్దముక్క:
నమస్తే అందరికీ. సత్తెనపల్లి వైపు ఒక ఊళ్ళో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల మాది. 3, 4, 5 తరగతులు కలిపి 31 మంది, టీచర్లం ఇద్దరమే. పోయినేడాది విహారయాత్ర అని ఒక పార్కుకి తీసుకెళ్ళాం. జారుడుబల్ల దగ్గర కొట్టుకున్నారు, చిప్స్ తిన్నారు, ఇద్దరు బస్సులో వాంతులు చేసుకున్నారు, ఇంటికొచ్చేశాం. మర్నాడు ఏం చూశారో రాయమంటే సగం మందికి పైగా "బస్సు ఎక్కితిమి, పులిహోర తింటిమి" అని రాసి పెట్టారు. వాళ్ళనేం అంటాం, మేం చూపించింది అంతే కదా! ఈసారి డిసెంబర్‌లో పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేలా, పిల్లలకి ఏదో ఒక పని ఉండేలా వెళ్దామనుకుంటున్నాం. డబ్బు పెద్దగా లేదు, కమిటీ వాళ్ళు బస్సు వరకు సర్దుతామన్నారు. బాగా జరిగినవే కాదు, తేడా కొట్టినవి కూడా చెప్పండి, అవే ఎక్కువ పనికొస్తాయి.

వనస్థలిపురం_అమ్మ:
తేడా కొట్టింది నేను చెప్తా మేడం. మా బాబు రెండో తరగతి, ప్రైవేటు స్కూలు. పోయిన ఏడాది 1800 కట్టించుకుని "వ్యవసాయ అనుభవం" అని ఊరి బయట ఒక రిసార్టుకి తీసుకెళ్ళారు. నాట్లు వేయిస్తాం అన్నారు. వచ్చాక వాణ్ణి అడిగితే "మట్టి వాళ్ళే కలిపి రెడీగా పెట్టారమ్మా, ఒక్కొక్కళ్ళం ఒక మొక్క పెట్టి ఫోటో దిగాం, మా వెనక బ్యాచ్ వాళ్ళ కోసం మళ్ళీ పీకేశారు" అన్నాడు. మళ్ళీ పీకేశారట! అదే మొక్క ఆ రోజు ఎంతమంది చేతులు మారిందో. మిగతా టైమంతా రెయిన్ డాన్సు, నూడుల్స్. మా అత్తగారి ఊళ్ళో నాలుగెకరాలు ఉండి వీణ్ణి 1800 పెట్టి బురదలోకి పంపానని మావారు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు.

పాలమూరు_బడి:
పైన మేడం చెప్పినదానికి సరిగ్గా ఉల్టా జరిగింది మా దగ్గర. పరిసరాల విజ్ఞానంలో వృత్తుల పాఠం ఉంది కదా అని మా పిల్లల్ని ఊళ్ళోనే కుమ్మరి ఇంటికి తీసుకెళ్ళా. నేనేదో గొప్పగా సారె గురించి మొదలుపెడుతుంటే పిల్లలు ముసిముసి నవ్వులు. ఏందిరా అంటే ఆయన మా నాలుగో తరగతి అమ్మాయికి సొంత తాత, ఆ పిల్ల రోజూ బడి నుంచి పోయి మట్టి తొక్కుతదట. మట్టిలో బూడిద ఎంత కలపాలో నాకు ఆ పిల్లే చెప్పింది. సిగ్గేసింది కానీ మంచిదైంది, ఆ రోజు పాఠం ఆ అమ్మాయితోనే చెప్పించా. నాకు అర్థమైంది ఏంటంటే, పల్లెటూరి పిల్లలకి పొలం, కుండ, మేక చూపించేది ఏం లేదు, వాళ్ళే మనకి చూపిస్తారు. వాళ్ళు చూడనిది మ్యూజియం, ఓడ, పెద్ద లైబ్రరీ, లిఫ్టు. పట్నం పిల్లలకి వేరే లెక్క.

అందుకే తర్వాతి ఏడాది హైదరాబాద్ తీసుకెళ్ళా. ముందే ఒక మాట, జూ పార్కుకి సోమవారం సెలవు, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఏ రోజు పోతున్నారో చూసుకుని బయల్దేరండి, మా పక్క మండలం వాళ్ళు గేటు దగ్గరే టిఫిన్ తిని వెనక్కి వచ్చారు.

సాలార్‌జంగ్ మొత్తం తిప్పలేదు. పిల్లలు రెండు గదులు దాటితే కాళ్ళు నొప్పులంటరు. గడియారం ఒక్కటే గురి పెట్టుకున్నం. పావు తక్కువ పన్నెండుకే పోయి ముందు వరసలో కూర్చోబెట్టినం. గంట కాగానే గడ్డపాయన బొమ్మ గడియారం లోపల్నించి వచ్చి గంట కొడతది కదా, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు. కావాలనే 12కి పెట్టుకున్నా, పిల్లలంతా ఒకటి, రెండు అని గట్టిగా లెక్కపెడుతుంటే పక్కన టూరిస్టులు కూడా కలిసిన్రు. కొట్టి లోపలికి పోయినంక ఒకడు అడిగిండు, "సార్, ఒంటిగంటకి వచ్చి ఒక్కటే కొడితే ఇంత దూరం వచ్చినోళ్ళకి నష్టం గదా" అని. బడికి వచ్చినంక అట్టముక్కల మీద గడియారాలు చేయించినా, అదివరకు ఎంత చెప్పినా ఎక్కని "పావు తక్కువ" ఆ వారంలోనే ఎక్కింది.

ఇక తేడా కొట్టింది. అదే రోజు మధ్యాహ్నం జూలో తలకాయలు లెక్కపెడితే 38, సరిపోయింది. బస్సు కదిలే ముందు ఒక పిల్ల "సార్ నా పక్కన కూసున్నోడు మన బడి కాదు" అన్నది. ప్రభుత్వ బడి యూనిఫాం అందరిదీ ఒకటే కదా! వేరే జిల్లా పిల్లగాడు మా లైన్లో కలిసిండు, మావాడు ఒకడు నల్లా దగ్గర బొమ్మలు చూస్తూ నిలబడ్డడు. దొరికిండు గానీ ఆ పది నిమిషాలు నా బీపీ సంగతి అడగకండి. అప్పట్నుంచి మెడలో పసుపు రంగు రిబ్బన్, బడి పేరు, నా ఫోన్ నంబర్. లెక్క నేను పెట్టను, జంటలు చేసి "నీ జత ఉన్నడా" అని అడుగుత.

రిటైర్డ్_మాస్టారు:
చదువుతుంటే పాత రోజులు గుర్తొచ్చాయి. ఏపీపెప్ ట్రైనింగు తీసుకున్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? బ్రిటన్ వాళ్ళ సాయంతో జరిగిన ప్రాథమిక విద్యా పథకం, 90ల మొదట్లో మాకు క్లాసులు పెట్టారు. ఆరు సూత్రాలు అని ఉండేవి, చేసి నేర్చుకోవడం, స్థానిక పరిసరాలు వాడుకోవడం, పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించడం వగైరా. తరగతి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి పురికొస కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీసేవాళ్ళం. కొందరు హెడ్మాస్టర్లు దాన్ని "బట్టలారేసే పథకం" అని ఎగతాళి చేసేవాళ్ళు. మీరు ఇప్పుడు అడుగుతున్నది కొత్తదేం కాదమ్మా, మధ్యలో మనం మర్చిపోయాం అంతే.

ఖర్చు లేని ట్రిప్ ఒకటి చెప్తాను, పోస్టాఫీసు. నవ్వకండి. ఒక్కో పిల్లకి ఒక పోస్టుకార్డు కొనండి, 50 పైసలే, 31 మందికి 15 రూపాయల 50 పైసలు. ఎవరింటికి వాళ్ళు రాసుకోవాలి. ఇక్కడే అసలు పని మొదలవుతుంది, సగం మందికి ఇంటి అడ్రసు రాదు. "రామాలయం పక్కన" అంటారు. డోర్ నంబర్ చూసి రమ్మని ఇంటికి పంపాలి. పిన్ కోడ్ ఆరంకెల్లో మొదటిది 5 ఎందుకో చెప్పొచ్చు, ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మూడింటికీ అదే మొదలు. తర్వాత అందరూ నడిచి వెళ్ళి వాళ్ళ చేత్తోనే డబ్బాలో వేయాలి, పోస్టుమాస్టరు గారిని బతిమాలితే ముద్ర కూడా కొట్టనిస్తారు. ఒకటే జాగ్రత్త, ఇప్పుడు చిన్న పోస్టాఫీసుల్లో అన్ని కార్డులు ఒకేసారి ఉండటం లేదు, వారం ముందు చెప్పి పెట్టుకోండి. మా రోజుల్లో ఒక పిల్లవాడు "నాన్నా నువ్వు మందు మానెయ్" అని రాశాడు. కార్డు కదా, పోస్టుమాన్ చదివాడు, వీధిలో సగం మంది చదివారు. మానేశాడో లేదో తెలియదు గానీ వాళ్ళ నాన్న రెండు వారాలు బడి వైపు రాలేదు.

విశాఖ_టీచర్:
పాలమూరు సార్ చెప్పింది వంద శాతం కరెక్ట్. నేను పాడేరు వైపు చేసేదాన్ని అప్పుడు. మా పిల్లలకి చెట్లు, పిట్టలు, గెడ్డలు నేను చెప్పేది ఏముంది, సముద్రం మాత్రం ఒక్కరూ చూడలేదు. విశాఖ తీసుకొస్తే ఆర్కే బీచ్ దగ్గర బస్సు దిగి అరగంట ఎవరూ కదల్లేదు, అలా నిలబడి చూస్తూనే ఉన్నారు. మేం వేసుకున్న ప్లాన్ అక్కడే పోయింది, పోనీలే అనుకున్నాం.

తర్వాత కురుసుర సబ్‌మెరైన్. 1969 నుంచి 2001 వరకు నేవీలో పనిచేసింది, 2002 నుంచి ఒడ్డు మీద మ్యూజియం. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతల్లోంచి దూరాలి, పిల్లలు ఎలకల్లా దూరిపోయారు, నాకు నుదుటి మీద బొప్పి కట్టింది. నేవీలో చేసి రిటైరైన ఆయనే గైడు. ఇంత ఇరుకులో 70 మందికి పైగా ఉండేవాళ్ళం అని చెప్తుంటే మూడో తరగతి పిల్ల "మరి తడి బట్టలు ఎక్కడ ఆరేసుకునేవారండీ?" అని అడిగింది. ఆయన పెద్దగా నవ్వి, నీళ్ళు ఎంత పొదుపుగా వాడేవాళ్ళో, స్నానాల సంగతేంటో పావుగంట చెప్పారు. ఆ ప్రశ్న లేకపోతే అదంతా చెప్పేవారు కాదు. అందుకే నేను వర్క్‌షీట్లు ఇవ్వను. బస్సులోనే ఒక్కొక్కరినీ ఒక ప్రశ్న తయారు చేసుకోమంటాను, అక్కడ ఎవరినైనా అడిగి జవాబు తేవాలి.

ఇంకోటి, బస్సు మాట్లాడుకునే ముందు దారిలో ఆడపిల్లలకి బాత్రూమ్ ఎక్కడ ఉందో కనుక్కోండి. మిగతావన్నీ తర్వాత.

డాలస్_నాన్న:
ఇక్కడ మా పాప స్కూల్లో ట్రిప్ ఉంటే అమ్మానాన్నల్ని వాలంటీర్లుగా పిలుస్తారు, నలుగురైదుగురు పిల్లలకి ఒకరు. నేనూ ఒకసారి వెళ్ళా, సాయంత్రానికి టీచర్లంటే దండం పెట్టాలనిపించింది. 31 మందికి ఇద్దరు టీచర్లంటే కష్టం అండి, కమిటీలో నలుగురు తల్లుల్ని తీసుకెళ్ళండి.

పెదకాకాని_కుర్రాడు:
టీచర్ గారూ, మీకు ఉప్పలపాడు ఎంత దూరం? గుంటూరు దాటగానే, ఊరి చెరువుల్లో సర్కారు తుమ్మల నిండా పక్షులు. డిసెంబర్ అయితే ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు గూళ్ళ మీద ఉంటాయి. గట్టు మీద నిలబడితే దగ్గరగా కనిపిస్తాయి. కంపు మాత్రం గట్టిగానే ఉంటుంది, ముందే చెప్తున్నా. మా ఊళ్ళో కొంగలే అనుకుని పట్టించుకోం గానీ ఎక్కడెక్కడి నుంచో కెమెరాలు వేసుకుని వస్తారు జనం.

సుద్దముక్క:
అందరికీ థాంక్స్ అండి. మా పిల్లలకి కొంగలు కొత్తేం కాదు, పాలమూరు సార్ లెక్క ప్రకారం అది పొరపాటేమో అనిపించింది కానీ దగ్గర, ఖర్చు తక్కువ. వెళ్ళొచ్చి రాస్తాను. ఈలోపు మాస్టారి కార్డులు మొదలుపెట్టా.

సుద్దముక్క (నెల తర్వాత):
వెళ్ళొచ్చాం. ముగ్గురు తల్లులు వచ్చారు, వాళ్ళు లేకపోతే నా పని అయిపోయేది. నిమ్మకాయలు పట్టుకెళ్ళాం, అయినా ఒకడు వాంతి చేసుకున్నాడు, పోయినేడాది చేసుకున్నవాడే.

"పక్షులన్నీ చూడండి" అనలేదు. ఇద్దరిద్దరికి ఒక గూడు చూపించి 20 నిమిషాలు దాన్నే చూడమన్నా, ఏం జరిగితే అది గీయాలి లేదా రాయాలి. మొదటి ఐదు నిమిషాలు ముక్కులు మూసుకుని అల్లరి. తర్వాత ఒక జంట "టీచర్, దొంగతనం!" అని కేక. ఒక కొంగ పుల్ల కోసం పోకుండా, పక్క గూట్లో కొంగ అటు తిరిగినప్పుడు దాని పుల్ల లాక్కొచ్చి తన గూట్లో పెట్టుకుంది. ఇక చూడండి, 31 మందీ కాపలా కాశారు. ఆ పుల్ల మళ్ళీ వెనక్కి పోయిందట, నేను చూడలేదు గానీ మూడు పుస్తకాల్లో రాసి ఉంది. రోజూ చూసే కొంగనే ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు వీళ్ళు. ఈసారి పులిహోర గురించి ఇద్దరే రాశారు.

తేడాలు: బైనాక్యులర్ ఒకటే తీసుకెళ్ళడం నా బుద్ధి తక్కువ, దాని కోసం యుద్ధాలు జరిగాయి. తీసుకెళ్తే నాలుగైనా తీసుకెళ్ళాలి, లేదంటే అసలు వద్దు. ఒక నోట్‌బుక్ చెరువులో పడింది.

ఇప్పుడు పిల్లలు అడుగుతున్నది, అదే కొంగ మళ్ళీ ఏడాది అదే గూటికి వస్తుందా అని. పెదకాకాని బాబూ, అక్కడ చూసుకునేవాళ్ళు ఎవరైనా తెలిస్తే అడిగి పెడతావా, పిల్లలు కార్డు రాస్తామంటున్నారు. మాస్టారూ, మన కార్డుల్లో 27 అందాయి, ఇంకా 4 రాలేదు. ఆ నలుగురూ రోజూ పోస్టుమాన్‌ని దారిలో ఆపుతున్నారు, ఆయన నన్ను చూస్తే వేరే సందులోంచి వెళ్తున్నాడు.