క్లిప్పులు ఉన్న పిల్లలకి హాకీలో ఎలాంటి మౌత్‌గార్డు (దెబ్బ తగలకుండా పళ్ళకి పెట్టుకునే తొడుగు) మంచిది?

మా అబ్బాయికి 12 ఏళ్ళు, హాకీ ఆడతాడు, పళ్ళకి క్లిప్పులున్నాయి. పోయిన వారం ప్రాక్టీసులో వాడితో ఆడే పిల్లాడికి స్టిక్ తగిలి ముందుపన్ను మొత్తం ఊడి వచ్చేసింది. కోచ్‌కి తెలుసు కాబట్టి సరిపోయింది, పన్నుని వేరు దగ్గర ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, పాలల్లో వేసి, అరగంటలోపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మళ్ళీ పెట్టగలిగారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒకటే టెన్షన్.

వేడినీళ్ళలో ముంచి, కొరికితే పళ్ళ ఆకారానికి సర్దుకునే గార్డు తెచ్చాను గానీ, మెత్తబడిన ప్లాస్టిక్ తీగల చుట్టూ పట్టేసుకుని, తీసేటప్పుడు క్లిప్పులు కూడా ఊడి వస్తాయేమో అని భయమేసి ఇంకా పెట్టించలేదు. డాక్టర్ దగ్గర అచ్చు తీయించి చేయిద్దామంటే, క్లిప్పులతో పళ్ళు కదులుతూనే ఉంటాయి కదా, ఇవాళ చేయించింది రెండు నెలల తర్వాత పడుతుందా? క్లిప్పులు ఉన్నవాళ్ళ కోసమే వేడి చేయనక్కర్లేని సిలికాన్ గార్డులు ఉన్నాయి, వాడినవాళ్ళు చెప్పండి, అవి పరిగెత్తేటప్పుడు జారిపోకుండా నిలుస్తాయా? కింది పళ్ళకీ క్లిప్పులుంటే పైవరసకి ఒక్కటే పెడితే చాలా, రెండింటికీ కావాలా?

ఇంకొకటి, ఊపిరి ఆడట్లేదు, మాట్లాడలేకపోతున్నా అని వీడు మధ్యలో తీసి జేబులో పెట్టేసుకునే రకం. మీ పిల్లలకి ఎలా అలవాటు చేశారు?