అన్నతో బ్యారన్ వంతుల గొడవ: నాది ఓర్పా, పిరికితనమా?

కొండపి రైతు

అందరికీ వందనాలు. మాది కొండపి దగ్గర పల్లె. వయసు 47. మూడెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు, బ్యారన్ పొగాకు వేస్తాం. బ్యారన్ అంటే పచ్చాకుని పొయ్యి వేడితో ఆరబెట్టే కొట్టం. రాసే అలవాటు లేదు, ఫోన్‌కి చెప్పి రాయిస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

మా నాయన కట్టించిన బ్యారన్ ఒకటుంది. అన్నయ్యకీ నాకూ కలిపి అదొక్కటే. వంతులు నాయన పెట్టిపోయాడు, ఒకసారి అన్నది, ఒకసారి నాది. ఆకు ఎక్కించినప్పట్నుంచి దించేదాకా అయిదారు రోజులు పడుద్ది. పొగాకు తెలియనోళ్ల కోసం చెప్తున్నా, చేలో పండిన ఆకు మన వీలు చూసుకోదు. కింద ఆకు ముందు పండుద్ది, అది తెంపి ఎక్కించేలోపు పైది పండుద్ది. వారం తప్పిందంటే మచ్చలు పడతాయి, తూకం పోద్ది. వేలంలో కొనేవాడు బేలులో, అంటే ఆకు మూటలో, చెయ్యి పెట్టి ఒక ఆకు లాగి చూసి, మాట్లాడకుండా పక్క బేలుకి పోతాడు.

పోయినేడు ఫిబ్రవరిలో నా వంతు. కూలోళ్లని పెట్టి ఆకు తెంపించి, కర్రలకి కట్టించి పాకలో ఉంచా. తెల్లారి పోయి చూస్తే బ్యారన్ పొయ్యి మండతా ఉంది. రాత్రికి రాత్రే అన్నయ్య వాళ్ల ఆకు ఎక్కించేశాడు. పొయ్యి కాడ నిలబడ్డా. ఆయన ధర్మామీటర్ చూసుకుంటా ఉన్నాడు, నా వైపు తిరగలా. నేనూ ఏమీ అనలా. ఇంటికొచ్చి చద్దన్నం తిని పడుకున్నా. మార్చిలో మళ్లీ అట్టాగే జరిగింది. రెండిటికీ కలిపి 90 వేల దాకా పోయుంటుంది.

ఇంకో సంగతి. అన్నయ్య మా చర్చిలో సంఘపెద్ద. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల రోజు ద్రాక్షరసం పళ్లెం పట్టుకొని వరసల్లోకి వచ్చేది ఆయనే. నా ముందుకి వచ్చేసరికి ఆ చిన్న గ్లాసులు ఒకదానికొకటి తగిలి టకటకమంటాయి. చెయ్యి వణికేది ఆయనదో, గ్లాసు తీసుకొనే నాదో ఇప్పటికీ తెలీదు.

పాస్టరుగారికి చెప్తే, "ఓర్చుకో తమ్ముడూ, రెండో చెంప చూపించమన్నాడు గదా ప్రభువు" అన్నారు. మా ఇంటామె మాత్రం, "మీది ఓర్పు కాదు, చిన్నప్పట్నుంచీ మీ అన్నంటే మీకు భయం" అంది. ఆ మాట మీద రెండు రోజులు అన్నం సయించలా, ఎందుకంటే నిజం కావచ్చు.

ఈ ఏడు మళ్లీ ఆకు పండుతా ఉంది. ఓర్పుకీ పిరికితనానికీ తేడా ఎట్టా తెలుస్తుంది? బయటికి రెండూ ఒకటే, రెండిట్లోనూ నోరు మూసుకొనే గదా ఉంటాం.

కొండ కింద మాస్టారు, ఒంగోలు

తమ్ముడూ, వందనాలు. నేను తెలుగు పంతులుగా రిటైరైనవాణ్ణి. అందుకని ముందు మాటల దగ్గర మొదలుపెడతాను, విసుక్కోవద్దు.

ఆత్మఫలాల జాబితాలో, గలతీ పత్రిక 5:22లో, మన బైబిల్లో ఉన్నమాట "దీర్ఘశాంతము". గ్రీకులో అది మాక్రోతూమియ. మాక్రో అంటే పొడుగు, తూమోస్ అంటే కోపం, ఆవేశం. అంటే కోపమే రానివాడి గుణం కాదది. కోపం రగలడానికి చాలాసేపు పట్టేవాడి గుణం. ఇది మనుషుల విషయంలో. కష్టాల కింద కుంగిపోకుండా నిలబడటానికి ఇంకో మాటుంది, హుపొమొనె. యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలో రెండూ పక్కపక్కనే వస్తాయి. తొలకరి వాన కోసం, కడవరి వాన కోసం కాచుకొనే వ్యవసాయకుడి దగ్గర మొదటిది, యోబు దగ్గర రెండోది.

ఆ యోబు సంగతే చూడు. ఓర్పు అనగానే అందరం ఆయన పేరే చెబుతాం. ఆయన గ్రంథం 42 అధ్యాయాలు. మూడో అధ్యాయంలోనే నోరు తెరిచి తాను పుట్టిన దినాన్ని శపించుకున్నాడు. అక్కణ్ణుంచి స్నేహితులతో వాదం, దేవుడితో వాదం. నోరు మూసుకోవడమే ఓర్పయితే యోబు ఆ మూడో అధ్యాయంలోనే తప్పేవాడు.

ఇక రెండో చెంప. ఆ మాట చెప్పిన ప్రభువునే ప్రధానయాజకుడి ఇంట్లో ఒక బంట్రోతు చెంపమీద కొట్టాడు. యోహాను 18:23 తీసి చూడు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చెప్పు, మంచి మాట్లాడితే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు. తిరిగి కొట్టలేదు, తిట్టలేదు. ఊరుకోనూ లేదు. మీ పాస్టరుగారిని తప్పుపట్టడం లేదుగానీ, ఆ రెండు చోట్లనూ కలిపి చదవాలి.

అడక్కపోయినా మా ఇంటి వెనకున్న కొండ గురించి ఒక మాట చెప్తాను. నెల్లూరులో అమెరికా వాళ్ల బాప్తిస్టు మిషన్ మొదలైంది 1840లో. పదమూడేళ్లకి చూసుకుంటే విశ్వాసులు వేళ్లమీద లెక్కించేంతమంది. మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారకముందు ఆ మిషన్‌లోని జ్యూయెట్ దొర, దొరసాని, తెలుగువాళ్లు ముగ్గురు, మొత్తం అయిదుగురు ఈ కొండెక్కి ఒంగోలుకి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. అలా అడిగిన మనిషి, మిషనరీ క్లౌ దొర, ఇక్కడికి కాపురం వచ్చింది 1866లో. పన్నెండేళ్లు!

నేను చెప్పాలనుకొనేది ఆ తరవాతది. 1876-78 కరువులో జనం మందలుగా ఆయన దగ్గరికి వచ్చారు. అన్నం కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అలాగని ఊరికే కూర్చోలేదు. బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్లు తవ్వే పని కాంట్రాక్టుకి తీసుకొని వాళ్లకి కూలి ఇప్పించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకొన్నారు. ఆగాల్సిన దాని దగ్గర ఆగాడు, చేయాల్సిన దాని దగ్గర పార పట్టించాడు. నీకు కావలసిన తేడా నాకు అందులో కనిపిస్తుంది.

కొండపి రైతు

మాస్టారూ, మా నాయన తాత ఆరోజు గుండ్లకమ్మలో మునిగినోడే అని మా నాయనమ్మ చెప్పేది. యోబు సంగతి నేనెప్పుడూ అట్టా ఆలోచించలా. మళ్లీ చదువుతా.

ఊరికే అడుగుతున్నా

పదిమంది ఊపిరితిత్తులు పాడుచేసే పంట వేస్తూ ఓర్పు గురించి చర్చా?

కొండపి రైతు

అన్నా, ఆ ప్రశ్న నన్నూ తినేస్తా ఉంది. శనగేశా, మినుమేశా, అప్పు మిగిలింది. దానికి వేరే చర్చ పెట్టు, వస్తా. ఇక్కడొద్దు.

పెన్న ఒడ్డు, నెల్లూరు

తమ్ముడూ, నేను నర్సుని, 22 ఏళ్ల సర్వీసు. మాస్టారుగారు గ్రీకు నుంచి కాలవ దాకా తిప్పుకొచ్చారు, బాగుంది. నేను మాత్రం నీ పోస్టు రెండుసార్లు చదివా. పాస్టరుకి చెప్పావు, నీ భార్యకి చెప్పావు, ముక్కూమొహం తెలియని మాకు చెప్పావు. మీ అన్నకి చెప్పావా? ఎక్కడా కనపళ్లేదు.

ఎందుకు అడుగుతున్నానంటే, నా సొంత సంగతి ఒకటుంది. పెళ్లయిన కొత్తల్నుంచి నేను తోమిన గిన్నెల్ని మా అత్త నా కళ్లముందే మళ్లీ తోమేది. రోజూ. చింతపండు వేసి, పీచుతో, గరగరమని. ఆ చప్పుడు వింటా వంటింటి గడపలో నిలబడి, "ప్రభువా, ఓర్పు ఇయ్యి" అనుకొనేదాన్ని. పదకొండేళ్లు! నేను ఎంత ఓర్చుకుంటున్నానో అని లోపల కాస్త గొప్ప కూడా ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఆమెకి తుంటి ఎముక విరిగి మంచాన పడ్డప్పుడు ఒళ్లు తుడుస్తా ఉంటే నోరు జారింది. "ఏందత్తా, నా గిన్నెలంటే అంత అసయ్యమా నీకు?" అన్నా. ఆమె నా మొహం వింతగా చూసింది. "నువ్వు నైట్ డ్యూటీ చేసొచ్చి కళ్లు మూతలు పడతా తోముతావు. మసి పోదు. మళ్లీ నిన్ను తోమమని ఏం చెప్తాంలే పాపం అని నేనే తోమేదాన్ని" అంది. అంటే అన్నేళ్లూ ఆమె నన్ను ఓర్చుకుంటా ఉంది!

అట్టాగని మీ అన్న మంచోడే అయ్యుంటాడని అనడం లా. రాత్రిపూట ఎక్కించినోడికి తెలిసే ఎక్కించుంటాడు. అయినా నువ్వు నోరు తెరిచి చెప్పకపోతే ఆయన దేన్ని ఒప్పుకోవాలి, దేన్ని కాదనాలి?

ఇంకోమాట. ఇది చదివే ఆడవాళ్ల కోసం. కొట్టే మొగుడి విషయంలో "ఓర్చుకోమ్మా" అనే సలహా ఎవరిచ్చినా వినొద్దు. ఆ సలహా విని వచ్చినోళ్లకి వార్డులో కట్లు కట్టా. అక్కడ ముందు బయటికి రావాలి, మిగతావన్నీ తరవాత.

కొండ కింద మాస్టారు, ఒంగోలు

అమ్మా, ఆ ప్రశ్న నేను అడగవలసింది. ఇంత రాసి అది వదిలేశాను. మత్తయి 18:15 నుంచి చదివితే క్రమం ఉంది. ముందు నువ్వూ అతడూ ఒంటరిగా. వినకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకొని. అప్పటికీ వినకపోతే సంఘానికి. మన సంఘాల్లో ఇది తలకిందులుగా నడుస్తుంది. సంఘానికంతా ముందు తెలుస్తుంది, ఆ మనిషికి చివర.

సింగరాయకొండ కుర్రోడు

ఇవన్నీ ఎందుకు బ్రో. ఇస్సాకు బావి తవ్వితే గెరారు కాపరులు మాదే అన్నారు, వదిలేశాడు. ఇంకోటి తవ్వితే దానికీ వచ్చారు, అదీ వదిలేశాడు. మూడోదానికి ఎవరూ రాలేదు, రహెబోతు అని పేరు పెట్టుకున్నాడు. ఆదికాండం 26. మీరూ సొంత బ్యారన్ కట్టుకోండి, లేదంటే లాయర్ నోటీసు ఇవ్వండి.

కొండపి రైతు

తమ్ముడూ, బావి తవ్వినట్టు బ్యారన్ కట్టడానికి లేదు. కొత్తది కట్టాలంటే పొగాకు బోర్డు అనుమతి ఉండాలి, అది అయ్యే పని కాదు. అద్దె బ్యారన్ చూద్దామంటే ఈ సీజన్‌కి అడిగే రేటు విని వెనక్కొచ్చా. నోటీసు సంగతి, మా అమ్మ ఉంది ఇంకా. ఆమె ఉండగా నేను ఇయ్యలేను. దీన్ని పిరికితనం అన్నా పడతా.

నర్సమ్మగారూ, మీరు పట్టుకున్నారు. చెప్పలేదు. ఒక్కసారి కూడా చెప్పలేదు.

కొండపి రైతు (తొమ్మిది రోజుల తరవాత)

అడిగినోళ్లకి చెప్పాలి గదా. మొన్న బుధవారం రాత్రి పోయా. మొదటి వంతు అన్నదే, అది న్యాయంగా ఆయనదే. రెండో రోజు ఆకు, ఇంకా పసుపు తిరిగే దశలో ఉంది. ఆ టైంలో వేడి ఎక్కువ చేస్తే ఆకు పచ్చగానే ఎండిపోద్ది, ఇంక మారదు. అందుకని మనిషి రాత్రంతా కనిపెట్టుకొని ఉండాల్సిందే. గోనెపట్టా మీద కూర్చొని ఉన్నాడు. పక్కన కూర్చున్నా. నోరు పెగల్లా. చానాసేపు కట్టెలు సర్దుతా ఉన్నా.

"అన్నయ్యా, పోయినేడు నావి రెండు వంతులు పోయినయ్" అన్నా చివరికి.

ఆయన పొయ్యిలోకే చూస్తా, "నువ్వేమీ అనలా గదరా. నీ ఆకు ఇంకా రాలేదేమో అనుకున్నా" అన్నాడు.

పోయినేడైతే నేను అక్కడే లేచి వచ్చేసేవాణ్ణి. "పాకలో కర్రలు కట్టి ఉన్నాయి గదా, కనపళ్లేదా?" అని అడిగా. గొంతు పెంచలా, గుండె మాత్రం దబదబా కొట్టుకుంది. దానికి జవాబు చెప్పలా. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి టార్చి నా చేతికిచ్చి, "చూపు ఆనడం లా, ఎంతుందో చూడు" అన్నాడు. అద్దంలోంచి చూశా. ఫారెన్‌హీట్‌లో నూట రెండు. చెప్పా. కట్టె ఒకటి బయటికి లాగాడు.

క్షమించమని ఆయన అనలా. డబ్బు నేను అడగలా, అడగను కూడా. ఆ సంగతి ఇంటికొచ్చి చెప్తే మా ఇంటామె, "సగం పని చేసొచ్చారు" అంది. కావచ్చు.

వచ్చేటప్పుడు, "వంతులు రాసి పెట్టుకుందాం అన్నయ్యా, ఇద్దరం మర్చిపోకుండా" అన్నా. సుద్దముక్క వెతికి బ్యారన్ తలుపు మీద తేదీలు వేశాడు. నా పేరు పక్కన 14 వేశాడు. ఆయన ఆకు 10న దిగుద్ది.

"14 కాదు, 11" అన్నా.

నా వైపు చూశాడు. అరచేత్తో తుడిచి 11 వేశాడు.